ముల్లు కిందికి పడినప్పుడు

మొగిలి ఘాటు మూడో మలుపు.
మే నెల, మిట్టమధ్యాన్నం.
సుమోలో ఆరుగురు, పైన బేనీషా గంపలు నాలుగు.
ముందర గ్రానైటు లారీ ఒకటి
మొదటి గేరులో మూలుగుతా ఎక్కుతావుంది.

ముల్లు ఎర్రగీత తాకింది.
ఏసీ ఆపి హీటరు తిప్పినా.
"ఏమప్పా, మమ్మల్ని ఉడకేస్తావా?" అన్నాడు పెద్దాయన.
ఇంజను వేడి మనం కొంచెం పంచుకుంటే
అది గట్టెక్కుతుంది సార్, అన్నా.
కండువా పిండుకుంటానే నమ్మినారు పాపం.

ఈ కిటుకు ఖాజాపీరాన్‌ది.
చిత్తూరులో, పలమనేరు రోడ్డు మీద,
పంచర్ల అంగడి పక్కన రేకుల పాక.
పాక ముందర సిమెంటు తొట్టి.
రేడియేటరు నోళ్లన్నీ రబ్బరు బిరడాలతో మూసి
నీళ్లలో ముంచి గాలి వదుల్తాడు.
ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి.
"అదో, ఆడ ఏడుస్తావుండాది" అంటాడు,
సీసం కరిగించి అతుకేస్తాడు.
కొత్తగా వచ్చేవి అల్యూమినియం, ప్లాస్టిక్ మూతులు.
అవి అతకవు, పారెయ్యాల్సిందే.
ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నా ముఖం చూడడు.

"ఏ నీళ్లు పోస్తావుండావు?"
మా వీధి బోరు నీళ్లు.
సన్న గొట్టంలోకి ఇనప చువ్వ తోసి
రాలిందంతా నా అరచేతిలో పోసినాడు.
మా ఇంట్లో కాగు అడుగున పట్టే తెల్ల పక్కు.
"పచ్చ కూలెంటు డబ్బా కొనమంటే
రేటు చూసి పారిపోతివి. ఇప్పుడు చూడు."

మా స్టాండులో అందరూ థర్మోస్టాటు పీకేసినారు,
చిత్తూరు ఎండకు అదెందుకబ్బా అని.
మైనం ముద్ద గుండెకాయగా ఉండే బుల్లి వాల్వు,
తగినంత వేడెక్కేదాకా నీళ్లకు దారియ్యదు.
పీరాన్ నాది పీకనియ్యలేదు.
"పొయ్యి రాజకుండానే సంగటి కెలుకుతుందా మీ ఆడామె?"

ఆయన ఎడమచేతికి మోచేయి దాకా మచ్చ,
ఇస్త్రీ చెయ్యని గుడ్డ మాదిరి.
వయసులో, వేడి మీద మూత తిప్పినాడంట.
మూత కింద స్ప్రింగు అదిమిపట్టినంతసేపూ
నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు.
చెయ్యి తీసినామా,
అప్పటిదాకా మింగిందంతా ఒక్కసారే కక్కుతుంది.

ఇవన్నీ తెలిసీ
ఆరోజు ఘాటు మీద బండి ఆపలేదు నేను.
ఇంకొక్క మలుపు, ఇంకొక్క మలుపు.
ఐదోది దాటినాక ముల్లు దిగింది.
సర్రున, దానంతటదే, అడుగుదాకా.
"చూసినారా సార్, చల్లబడింది" అన్నా గర్వంగా.
హీటరులోంచి కూడా చల్లటి గాలే.
రెండు కిలోమీటర్లు.
తర్వాత ఇనుము ఇనుమును కరిచిన చప్పుడు.
మామిడిపండ్ల వాసనలో నిలబడిపోయినాం అందరం.

"పైపు పగిలి నీళ్లన్నీ రోడ్డుపాలు" అన్నాడు పీరాన్.
"ముల్లు నీళ్లను తాకి కదా చెప్పాల.
నీళ్లే లేకుంటే గాలి సంగతి చెప్పింది."
ఆయిలు పుల్ల లాగి చూపించినాడు.
పాలెక్కువైన టీ రంగు.

బండిలో సగం వాటా యువరాజుది.
నాలుగు నెలలు రోజూ రాత్రి కొట్లాడినాడు,
డీజిలు లెక్క, టైర్ల లెక్క, పెండ్లి బాడిగ లెక్క.
ఉగాది దాటినాక అడగడం మానేసినాడు.
పుస్తకం చేతికిస్తే
తెరవకుండానే డ్యాష్‌బోర్డు మీద పెట్టినాడు.
హమ్మయ్య అనుకున్నా.
ఆ రాత్రి బాగా నిద్ర కూడా పట్టింది.

తొట్టి గట్టు మీద కూర్చుని ఫోను తీసినా.
మోగతావుంది.
నీళ్లలో ఎవరిదో రేడియేటరు,
పీరాన్ టీకి పోయినాడు, గాలి కట్టెయ్యడం మరిచి.
బుడగలు వస్తానే ఉండాయి.
మోగతానే వుంది.